పేను కొరకని పేనుకొరుకుడు

రాండమ్మా, దగ్గరికి జరిగి, నాకు వీపు పెట్టి కూచోండి. మన కాలంలో కథలన్నీ అట్లనే గదా విన్నాం, ముందున్నవాళ్ళ జడ విప్పుతా వెనకున్నవాళ్ళు చెప్తావుంటే. ఇప్పుడు నా ముందరా ఎవరూ కూచోరు, నా వెనకా ఎవరూ కూచోరు గాబట్టి మిమ్మల్నే పిలుచుకుంటాండాను.

మొన్న తల దురద ఓర్చుకోలేక ప్రొద్దుటూరులో చర్మాల డాక్టరమ్మ దగ్గరికి పోయినాను. ఆయమ్మ నా కొప్పు విప్పి, వెనకపక్క వెంట్రుకలు పాయలు పాయలుగా తీసి చూస్తావుంటే నాకు దురద సంగతే మరుపొచ్చి కండ్లలో నీళ్ళు తిరిగినాయి. నా తలమీద ఇంకొకరి చెయ్యి పడి ఎన్నాళ్ళయిందో! "నొప్పిగా ఉందా అవ్వా?" అనింది. చెయ్యి తియ్యొద్దు తల్లీ అని నోటిదాకా వచ్చింది గానీ, అంతలోనే ఉత్త చుండ్రేనని చెప్పి ఆయమ్మ చేతులు కడుక్కునేదానికి లేచింది.

ఇంకొంచెం సేపు కూచోవచ్చునని, పేనుకొరుకుడు కాదు గదా అని అడిగినాను. ఆయమ్మ నవ్వింది. దానికీ పేనుకూ సంబంధమే లేదంట. పైన కనపడే వెంట్రుకకు ప్రాణముండదంట, అందుకే కత్తిరిస్తే నొప్పి తెలీదు. ప్రాణమంతా చర్మం కింద, ఎర్రగడ్డ, అదే ఉల్లిగడ్డ మాదిరి ఉబ్బిన కుదురులో ఉంటాదంట. ఒక్కోసారి మన ఒళ్ళే ఆ కుదుర్ని పరాయిదనుకొని దానిమీద తిరగబడ్తాదంట, అప్పుడు గుండ్రంగా వెంట్రుకలు రాలిపోతాయంట. కుదురు మాత్రం చావదు, నిద్రపోతాది, అంతే. ఒకరినుంచి ఒకరికి అంటేది కాదంట. "అంటదా తల్లీ, నిజంగానే అంటదా?" అని మళ్ళీ మళ్ళీ అడిగినాను.

మాది జమ్మలమడుగు పక్క గొర్రెలు మేపుకునే ఇల్లు. మగవాళ్ళు మందతో పోయినాక, మధ్యాహ్నం ఆడవాళ్ళం వసారాలో రైలుబండి మాదిరి ఒకరి వెనక ఒకరం కూచునేవాళ్ళం. అందరికీ వెనక మా నాయనను కన్న జేజి, ఆమె ముందర అమ్మ, అమ్మ ముందర అక్క, అక్క ముందర నేను. ఆముదం వాసన, పేన్లదువ్వెన గీరే చప్పుడు, గోరుమీద పేను చిటుక్కుమన్నప్పుడల్లా ఎవరో ఒకరింటి కబురు. అట్లా ఒకనాడు అక్క నా వెనక పాయ తీసి కేక పెట్టింది. రూపాయి బిళ్ళంత జాగాలో ఒక్క వెంట్రుక లేదు, వేలు పెడితే గోలీగుండు మాదిరి నున్నగా ఉండాది. తన తల వెనక ఏముందో ఎవరికి కనపడ్తాది? నాకు అప్పటిదాకా తెలీనే తెలీదు.

జేజి చూసి పేనుకొరుకుడనింది. చిక్కంతా ఆ మాటలోనే ఉండాది. కొరికింది పేనయితే అది ఇంకొకరి తలకు పోకుండా ఉంటాదా? మావాళ్ళకు తెలిసిందంతా గొర్రెల వైద్యమే. గజ్జి పట్టి బొచ్చు రాలిన గొర్రెను మందలోంచి తీసి వేరే కట్టడం పుట్టినప్పటినుంచి చూసినవాళ్ళు. నన్నూ అట్లనే చేసినారు, కోపంతో కాదు, ప్రేమగానే. నా దువ్వెన వేరే, చాప వేరే, దిండు వేరే. మధ్యాహ్నమైతే వాళ్ళు వసారాలో, నేను దొడ్డిగోడ కాడ, గజ్జిగొర్రె పక్కన. "ఎర్రగడ్డ రుద్దుకుంటివా మ్మే?" అని జేజి దూరంనుంచే అరిచేది. ఎర్రగడ్డకు కండ్లు మండేవి గాబట్టి నేను ఏడ్చేది ఎవరికీ తెలిసేది కాదు. వెంట్రుకలు రావేమోనని కాదు నా దిగులు, అవి రాకుంటే ఇంక నన్నెవరూ ముట్టుకోరేమోనని.

అప్పుడొచ్చింది పులివెందులనుంచి మా మేనత్త, మా నాయన చెల్లెలు, నోరు పెద్దది. మూట ఇంకా దించకుండానే, "ఏంది మ్మే, నిన్నెప్పుడు మందలో కలిపినారు?" అనుకుంటా నా వెనక చతికిలబడి, తన కొప్పులోని దువ్వెన తీసి నా తలలో పెట్టింది.

"అంటుకుంటాదే! నీకు మతి ఉండాదా?" అని వసారాలోంచి జేజి.

"అంటుకోనీలేమ్మా. ఆ పేను గూడా రొండూర్ల రుచి చూడనీ!"

అదే దువ్వెనతో తన తలా దువ్వుకునింది. ఉన్నన్నాళ్ళూ, మధ్యాహ్నమైతే, దొడ్డిగోడ కాడ మాదొక చిన్న రైలుబండి.

ఒకనాడు ఆమె వేలికే తగిలినాయి మొలకలు, తెల్లగా, దారప్పోగుల మాదిరి. జేజి దగ్గరికొచ్చి వంగి చూసి, "ఓయమ్మా, నాకు తోడు ఇంకొక ముసిల్ది పుట్టింది గదా!" అని రెక్క పట్టుకొని తీసకపోయి, ఏకంగా తన ముందరే కూచోబెట్టుకునింది. పోనుపోను ఆ తెల్లవన్నీ నల్లబడినాయి. మా అత్త తలకు మాత్రం ఏమీ కాలేదు. అది మొండితల, పేన్లే జడుసుకుంటాయని జేజి పోయేదాకా అంటానే ఉండేది.

అంటేది కాదని మొన్న డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెలీదు. మా అత్తకైతే పోయేనాటికీ తెలీదు. అంటుకుంటాదని నమ్మే, ఆ దువ్వెన పెట్టింది.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి దువ్వెన వాళ్ళది, ఎవరి అద్దం వాళ్ళది. కోడలూ మనవరాలూ తలుపేసుకొని దువ్వుకొని పనులకు పోతారు, వాళ్ళ తప్పేమీ లేదు, కాలం అట్లాంటిది. డాక్టరమ్మ ఇచ్చిన మందు తలకు రాసుకుంటాండాను. వెనకపక్క చెయ్యి అందదు. అందినకాడికే రాసుకుంటాను.

సరే, లేవండమ్మా, జడలల్లేసినాను. మీ ఇండ్లు సల్లగుండ, మీ గడపలో ఎవరూ వేరే చాపమీద కూచోకుండా ఉండ, మీ తల వెనక ఎప్పుడూ ఒక చెయ్యి ఉండనీ.