లెక్కల మేడం కోపం

మా లెక్కల మేడం ఇక లేరు. జనగామలో తన ఇంట్లో, పొద్దున చాయ్ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. దవాఖానకు తీసుకెళ్లేలోపే ప్రాణం పోయిందట. మా అమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను హైదరాబాద్‌లో ఆఫీసులో ఉన్నాను. చుట్టూ కంప్యూటర్ల ముందు కూర్చుని పని చేసుకుంటున్న అమ్మాయిలను చూశాను. ఏడుపు వస్తుందనుకున్నాను. కోపం వచ్చింది. మీకు ఆ కోపం గురించే చెప్పాలి. అది నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

దంతాలపల్లికి కొంచెం లోపలగా ఉంటుంది మా ఊరు. ఆమె మా హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఊళ్లోనే ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కరే ఉండేవారు. లెక్క సరిగ్గా చేస్తే శభాష్ అనేవారు కాదు. "ఇంకోటి చెయ్యి" అనేవారు, మాకు అదే మెప్పు. కోపం వస్తే మాత్రం చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టేవారు, గొంతు బాగా తగ్గిపోయేది. అరిచే సార్ల కంటే ఆ తగ్గిన గొంతుకే మేము ఎక్కువ భయపడేవాళ్లం.

నేను పదో తరగతిలో ఉండగా బడికి కంప్యూటర్లు వచ్చాయి. హెడ్మాస్టరు ఒక గది ఖాళీ చేయించాడు. ఊడ్చింది ఆడపిల్లలమైన మేము, కడిగింది మేము, గడప ముందు ముగ్గు వేసింది మేము. తీరా కంప్యూటర్ పీరియడ్ వచ్చేసరికి మగపిల్లలు లోపలికి వెళ్లారు, మమ్మల్ని మధ్యాహ్నం వంటకు బియ్యం ఏరమన్నారు. వారం వారం అదే తంతు. మేడం వెళ్లి హెడ్మాస్టరును అడిగారు. ఆయన గది తలుపు తెరిచే ఉంది, వరండాలో చేటలు పట్టుకుని కూర్చున్న మాకు అంతా వినబడింది.

"ఆడపిల్లలకెందుకు మేడం? రేపు పత్తి చేన్లకు పోయేటోళ్లే గదా" అన్నాడాయన.

మేడం గడియారం తీసి ఆయన బల్ల మీద పెట్టారు. "మీరు గా గది మూస్తే చేన్లకే పోతరు సార్" అన్నారు.

ఆ వారమే మమ్మల్ని వెంటబెట్టుకుని ఆ గదిలోకి నడిచారు. మగపిల్లలను కొంచెం జరగమని, ఒక్కో కుర్చీలో మమ్మల్ని కూర్చోబెట్టారు. తెర మీద నా పేరు నేనే కొట్టుకుని చూసుకున్నది అప్పుడే. ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. ఆడా మగా ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నారని ఎవరో ఫిర్యాదు చేశారు. దానికి హెడ్మాస్టరు కనిపెట్టిన పరిష్కారం, ఆడపిల్లలు ఆ గది గడప తొక్కకూడదని.

మేడం సుద్దముక్కలు తీసుకుని మా తరగతి గది నేల మీద కీబోర్డులు గీశారు. ఒక్కొక్కరికి ఒకటి. సిమెంటు గచ్చు మీద బాసింపట్టు వేసుకుని, వేళ్లకు సుద్ద అంటుకునేదాకా అక్షరాలు కొట్టాం. చాయ్ పెట్టే పనిని, కంప్యూటర్‌కు చెబుతున్నట్టు, ఒక్క మెట్టు తప్పకుండా రాయమనేవారు. పొయ్యి ముట్టించడం మరిచిపోతే, "నీ చాయ్ పచ్చినీళ్లే" అని తిప్పి ఇచ్చేవారు. ఒకసారి అన్నారు: "కంప్యూటర్‌కు తెలివి లేదు. చెప్పింది చేస్తది, అంతే. చెప్పేటోళ్లకు తెలివుండాలె. మీకు లేదని ఎవడన్నడు?"

నా పక్కన కూర్చునే స్నేహితురాలు మా అందరికంటే చురుకు. నేను సగం రాసేలోపు తను ముగించి నా తప్పులు వెతికేది. పది పాసయ్యాక ఇద్దరికీ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ సీటు వచ్చింది. స్నేహితురాలి బాపు మాత్రం కూతురిని పంపనన్నాడు. మేడం వాళ్ల చేనుకు పోయి, ఆ ఇంటివాళ్లతో పాటు పొద్దంతా కలుపు తీస్తూ బతిమాలారు. ఆయన కొంచెం మెత్తబడ్డాడు కూడా. ఎందుకైనా మంచిదని హెడ్మాస్టరును అడిగొస్తానన్నాడు. అడిగొచ్చాడు. ఆడపిల్లను అంత దూరం పంపకు అన్నాడట ఆ పెద్దమనిషి. ఆ ఒక్క మాటతో తన చదువు ఆగిపోయింది.

ఆ సాయంత్రం మేడం మా ఇంటికి వచ్చారు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. మా అమ్మ కొబ్బరినూనె రాస్తుంటే, "ఒక పిల్లను పోగొట్టుకున్న అక్కా. నీ పిల్లనన్న నాకియ్యి" అన్నారు. నాయిన లేని ఇల్లు మాది. అమ్మ ఎవరినీ అడగలేదు, సరేనంది.

మరుసటేడు మేడంను గూడూరు అవతల అడవి పక్క బడికి బదిలీ చేశారు. అది హెడ్మాస్టరు పనేనని ఊళ్లో అందరికీ తెలుసు. అక్కడ కంప్యూటర్లు ఉన్నాయా అని ఫోన్‌లో అడిగితే, "నేలైతే ఉన్నది" అన్నారు.

మొన్న ఆదివారం మా బడిలో సంతాప సభ పెట్టారు. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? రిటైరైన ఆ హెడ్మాస్టరే. మేడం ఫొటోకు దండ వేసి, మైకు పట్టుకుని, తామిద్దరూ కలిసి ఈ బడిలో ఆడపిల్లలకు కంప్యూటర్ విద్య తెచ్చామని చెప్పాడు. నేను లేద్దామనుకునేలోపే వెనక నుంచి నా స్నేహితురాలు లేచింది. ఇప్పుడు ఆ ఊళ్లోనే సాగు చేసుకుంటోంది. తన కూతురు అదే బడిలో ఎనిమిదో తరగతి.

"సార్, నేను యాదికున్ననా?" అంది. ఆయన తెల్లముఖం వేశాడు.

"నాకు కంప్యూటర్ల సీటొచ్చింది. మా బాపు మీ తానకొచ్చి అడిగిండు. పంపకు అన్నరు. మేడం మా చేన్ల కలుపు తీసింది. గిది గూడ చెప్పుండ్రి మైకుల."

"అప్పటి పరిస్థితులు వేరమ్మా" అన్నాడాయన.

"పరిస్థితులంటే మీరే గద సార్" అంది తను. గొంతు పెంచలేదు.

ఆయన శాలువా సర్దుకుని కూర్చున్నాడు. తరువాతి వక్త మైకు అందుకున్నాడు. సభ నిండుగా కనబడాలని వేదిక ముందు జంపఖానా మీద కూర్చోబెట్టిన బడి పిల్లల్లో ముందుగా నా స్నేహితురాలి కూతురు, ఆ వెంటే ఒక్కొక్కరుగా మిగిలిన ఆడపిల్లలూ వెనక్కి తిరిగి తనను చూస్తున్నారు. "ఇటు చూడండమ్మా, ఇటు" అని మైకు పిలుస్తూనే ఉంది. వేదిక మీది పెద్దలకు ఆ పిల్లల జడలే కనిపిస్తున్నాయి.