కొత్త తెరకు పసుపు

శ్వేతా, సాగర్,

తొమ్మిదేళ్లుగా ఒక మాట దాచుకున్నాను. చెప్పాల్సిన రోజున చెప్పలేదు. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇదేమంత బరువులే అని నాకు నేనే ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. మరి బరువు కాకపోతే, ఎవరైనా ల్యాప్‌టాప్ అనగానే నేను వంటింట్లోకి ఎందుకు వెళ్లిపోతున్నట్టు?

మరాఠీ బడిలో చదివిన మీకు తెలుగు చదవడం నెమ్మది. ఈరోజు అది నాకు మేలే. అక్షరం అక్షరం కూడబలుక్కుని ఈ కాగితం చివరికి వచ్చేసరికి మీ కోపం సగం అలసిపోతుంది.

ఆ ఎండాకాలం మీరిద్దరూ నాగపూర్ నుంచి చంద్రపూర్‌కు, మా ఇంటికి సెలవులకు వచ్చారు. శ్వేత ఇంజనీరింగ్ మొదటి ఏడు. సాగర్ పదో తరగతి పరీక్షలు రాసి ఉన్నాడు. మంచం మీద దుప్పటి కింద ఉన్న శ్వేత ల్యాప్‌టాప్ మీద మీ తాత కూర్చున్నారు. తెర పగిలింది. ఆయన ఆ నిమిషంలోనే "నేనే కూసున్న, నాదే తప్పు" అన్నారు. అందరూ నవ్వారు, అయిపోయింది. అంత సులువుగా అయిపోతుందని కళ్లారా చూసి కూడా నాకు బుద్ధి రాలేదు.

మీరే మారుస్తామని కొత్త తెర తెప్పించారు. చిన్న చిన్న స్క్రూలు ఎగిరిపోతాయని కూలర్ ఆపేసి కూర్చున్నారు. మే నెలలో, చంద్రపూర్‌లో, కూలర్ ఆపడం! ఇదేదో పెద్ద పనే అని నాకప్పుడు అర్థమైంది. స్క్రూలు శ్వేత విప్పింది. తెర వెనక సన్నటి తీగను సాగర్ పెట్టాడు. మీట నొక్కగానే వెలిగింది. మీ తాత చప్పట్లు కొట్టారు. చుట్టూ ఉండే నల్ల చట్రాన్ని మాత్రం మర్నాడు బిగిద్దామని, అలాగే తెరిచి హాల్లో బల్ల మీద ఉంచారు.

మర్నాడు శుక్రవారం. నేను తలస్నానం చేసి గడపకు పసుపు రాస్తున్నాను. మన దుకాణంలోకి కొత్త కాంటా వచ్చినా, ఇంట్లోకి మిక్సీ వచ్చినా పసుపు, బొట్టు పెట్టకుండా నేను వాడనివ్వను. లేచి చూస్తే బల్ల మీద కొత్త తెర, బోసిగా. దాని కింది అంచు అచ్చం గడపలాగే ఉంది. తడి పసుపును వేలితో ఆ చివర నుంచి ఈ చివర దాకా రాశాను. మధ్యలో కుంకుమ పెట్టాను. ఎంత ముచ్చటగా ఉందో!

అప్పుడు భయం వేసింది. శ్వేత చూస్తే ఊరుకుంటుందా? తడిగుడ్డ తెచ్చి తుడిచేశాను. ఇంకా పచ్చగా ఉందని, గుడ్డను మళ్లీ తడిపి మరీ తుడిచాను.

మీరు లేచి మీట నొక్కారు. లోపల ఫ్యాను తిరిగింది, చిన్న దీపం వెలిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. టీవీకి కలిపితే టీవీలో బొమ్మ వచ్చింది. సాగర్ టార్చి వేసి చూశాడు. నల్లటి తెర లోపల శ్వేత పుట్టినరోజు ఫోటో మసక మసకగా కనిపించింది.

"బొమ్మ ఉన్నది, వెనక లైటే పోయింది. తీగ సక్కగ పెట్టలేవురా నువ్వు!" అంది శ్వేత.

"పెట్టిన అక్కా. మరి నిన్న ఎట్ల వెలిగింది?"

"నిన్న వెలిగింది, ఇయ్యాల ఊడింది. నీ చేతులు గట్లనే ఉంటయ్. తోడ్‌ఫోడ్ మాస్టర్!"

సాగర్ బ్యాటరీ తీసి, తీగ విప్పి, మళ్లీ పెట్టి చూశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి ఆగాడు.

"అక్కా, ఈడ పచ్చగ ఏందే ఇది?"

"జిగురేమోరా. అమ్మమ్మా, పొద్దుగాల దీన్ని ఎవరన్న ముట్టిన్రా?"

నేను కొత్తిమీర తుంపుతున్నాను.

"నాకేమెరుక బిడ్డా? గిసొంటియి నేనెందుకు ముడ్త?"

అదీ నేను చేసింది. పసుపు పెట్టడం తప్పు కాదు, తెలియక చేశాను. ఆ ఒక్క మాటే తప్పు. ఎందుకన్నాను? పాతకాలం మనిషని మీరు నవ్వుతారనా? లేక మంచి జరగాలని పెట్టిన పసుపే దీపం ఆర్పేసిందంటే, ఇన్నేళ్లు నేను చేసిన శుక్రవారాలన్నీ ఏమైపోవాలి అన్న బెంగా? ఎంత తరచి చూసుకున్నా రెండూ ఉన్నట్టే ఉన్నాయి.

రెండేళ్ల తర్వాత, నా ఫోన్ బాగు చేయించడానికి వెళ్లినప్పుడు, ఎవరి సంగతో అడిగినట్టు అడిగాను: ల్యాప్‌టాప్ తెర కింద నీళ్లు తగిలితే ఏమవుతుంది బాబూ అని. "ఆ తీగ దగ్గర ఒక్క చుక్క చాలు ఆజీ, లైటు పోతుంది" అన్నాడతను మరాఠీలో. నేను తిన్నగా ఇంటికి వచ్చేశాను, ఫోన్ అక్కడే మరిచిపోయి.

తోడ్‌ఫోడ్ మాస్టర్, ముట్టిందల్లా విరగ్గొట్టేవాడు అన్న ఆ పేరు మాత్రం సాగర్‌కు అంటుకుపోయింది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతానన్నవాడు, ఫలితాలు వచ్చాక కామర్స్ తీసుకున్నాడు. ఆ తెర వల్లేనని నేను అనను. కాదని కూడా అనలేను. ఇప్పుడు గువాహటిలో బ్యాంకు ఉద్యోగం, సంతోషంగానే ఉన్నాడు. కానీ పోయిన వారం వీడియో కాల్‌లో ఏం చెప్పాడు? కొత్త ఇంట్లో స్విచ్చు మార్చడానికి మనిషిని పిలిచాడట. "నా చేతులకు బర్కత్ లేదు అమ్మమ్మా, నీకెరుకనే గద!" అన్నాడు. కొచ్చి నుంచి శ్వేత నవ్వింది, మీ తాత నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

శ్వేతా, నీ తెర పాడు చేసింది నేను. సెలవులన్నీ టీవీకి తగిలించుకుని చదువుకున్నావు. దానికి నన్ను తిట్టు, పడతాను. సాగర్‌కు నేను చేసింది అంతకంటే పెద్దది. దానికి క్షమించమని అడగను. అడిగితే అమ్మమ్మే కదా అని మీరు అక్కడికక్కడే వదిలేస్తారు, నాకు తెలుసు.

ఈ కాగితాన్ని ఫోటో తీసి మన ఇంటి గ్రూపులో పెట్టమని మీ మామకు ఇస్తున్నాను. నవ్వినవాళ్లందరూ చదవాలి.

సాగర్, నువ్వు తీగ సరిగ్గానే పెట్టావు. మొదటి రోజూ సరిగ్గానే పెట్టావు, మర్నాడు మూడుసార్లూ సరిగ్గానే పెట్టావు. నేను పక్కనే కూర్చుని చూశాను.

అమ్మయ్య. రాసేశాను.