లైన్ అనే మాటకు నమూనా పాఠం

కామారెడ్డి జిల్లా ఏర్పడ్డాక జరిగిన మొదటి బదిలీల్లో నన్ను ఎల్లారెడ్డి ఉన్నత పాఠశాలకు ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్‌గా వేశారు. నా భార్య విమల అదే మండలంలో ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో ఎస్‌జీటీ, అంటే హోదాలో నాకంటే ఒక మెట్టు కింద. కామారెడ్డిలో ఉంటూ ఇద్దరం ఒకే బస్సులో వెళ్లి వచ్చేవాళ్లం.

చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు నెలకోసారి కలిసే కాంప్లెక్స్ సమావేశంలో నమూనా పాఠాలు ఉంటాయి. చూసినవాళ్ల అభిప్రాయాలను కన్వీనర్ ఒక పరిశీలన పత్రంలోకి ఎక్కించి, మార్కులు వేసి పైకి పంపుతాడు. ఆ ఆగస్టులో ఈ పత్రాలను బట్టే జిల్లా శిక్షణకు రిసోర్స్ పర్సన్‌ను, అంటే ఉపాధ్యాయులకు పాఠం చెప్పే ఉపాధ్యాయుణ్ణి, ఎంపిక చేస్తామన్నారు. పోటీలో విమల ఉంది, నేనూ ఉన్నాను. ఇంగ్లిష్ పాఠాలకు కన్వీనర్ కూడా నేనే. భార్య పాఠానికి భర్త పత్రం రాయకూడదన్న నిబంధన లేదు. నా పాఠానికి హెడ్మాస్టర్ రాశారు.

ఇద్దరికీ అంశం ఒకటే: లైన్ అనే మాటకున్న పలు అర్థాలు. నేను నిఘంటువు నుంచి పదకొండు అర్థాలు ఎత్తి రంగుల చార్టు రాశాను. పిల్లలు బుద్ధిగా నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు.

విమల ఉత్త చేతులతో వచ్చింది. ఆ మాట ఇంట్లో ఎక్కడెక్కడ వినిపిస్తుందో రాసుకురమ్మని తన ఏడో తరగతి పిల్లలకు ముందురోజే చెప్పింది.

"కరెంటు లైన్ పోయింది" అన్నాడొకడు. "యూరియా లైన్ల మా తాత చెప్పులు పెట్టి చాయ్ తాగవోయిండు" అన్నాడు ఇంకొకడు. దుబాయ్ నుంచి బాపు ఫోన్ చేస్తే "లైన్ల ఉండు బిడ్డా" అంటాడని ఒక అమ్మాయి చెప్పింది. వెనక బెంచీ నుంచి ఒక గొంతు: "మా అన్న కాలేజీల లైనేస్తుండు టీచర్!"

తరగతి ఘొల్లుమంది.

"గది గూడ రాయి. పోరి పేరు మాత్రం రాయకు. ఆ అర్థం ఇంగ్లిషోళ్లకు తెల్వది, మనదే" అంది విమల.

తర్వాత ఒక్కో మాటకు పిల్లలతోనే ఇంగ్లిష్ వాక్యం కట్టించింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఇరవై ఏళ్ల సర్వీసులో నా తరగతిలో అలా జరగలేదు. నాకది మింగుడుపడలేదు.

పత్రంలో బోధనోపకరణాలు అని ఒక గడి ఉంటుంది. చార్టులు, ఫ్లాష్ కార్డుల వంటివి వాడారా లేదా అన్నది అందులో రాయాలి. నేను "వాడలేదు" అని రాసి, ఆ గడి మార్కులన్నీ తీసేశాను. ఎంపికైంది నేను.

బస్సులో విమల అడిగింది: "గా గడిల సున్న ఏసింది నువ్వేనా సార్?" ఎగతాళికే నన్ను సార్ అనేది.

"రూల్ ప్రకారం రాసిన."

"రూల్ ప్రకారమే. నీ చార్టు పిల్లలల్ల ఒక్కలకన్న యాదికున్నదా?"

ఆమె మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. ఆ తర్వాత నమూనా పాఠానికి పేరు కూడా ఇవ్వలేదు.

కామారెడ్డి శిక్షణలో నేను చెప్పింది ఆమె పాఠమే. అందరూ మెచ్చుకున్నారు. అది ఎవరిదో చెప్పలేదు. విమల పోయి రెండేళ్లయింది. ఇప్పుడు రాసినా ఆమెకు ఒరిగేదేమీ లేదు.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు చెప్పగలిగింది ఒకటుంది. మీరు కోరుకునే స్థానానికే పోటీ పడుతున్న మనిషి పనిని పరిశీలించమంటే, నిబంధన లేకపోయినా తప్పుకోండి. అబద్ధం ఒక్కటీ రాయకుండానే అన్యాయం చేయవచ్చు. నేను చేశాను.