వేలూరుకు ఏ బాట

నా చిన్నప్పుడు, మా అమ్మమ్మ చేతివేళ్ళు ఒక్కసారిగా ఆగిపోయిన క్షణంలో, మా ఇంటికి ఏదో కీడు జరగబోతోందని నాకు మొదటిసారి అనిపించింది.

అమ్మమ్మది కోరుట్ల. బీడీలు చుట్టేది. తునికాకు, తంబాకు నింపిన చాట ఆమె ఒళ్ళోంచి దిగేది కాదు. మాట్లాడుతూ చుట్టేది, ఏడుస్తూ చుట్టేది, పక్కింటివాళ్ళతో కొట్లాడుతూ కూడా చుట్టేది. తాతయ్య దినాలకు వండిన గిన్నెలు ఇంకా తోమకముందే ఆమె చాట ముందేసుకుందని అమ్మ చెప్పేది. అలాంటి చేతులు, సిరిసిల్లలో మా ఇంటి అరుగు మీద, సగం చుట్టిన బీడీతో ఆగిపోయాయి. ఎదురుగా కుర్చీలో కూర్చుని మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, మేం వేలూరుకు ఏ బాటన పోవాలో తేల్చి చెప్పేశాడు.

వేలూరు పోవలసింది మా తమ్ముడి కోసం. వాడి గుండెలో పుట్టుకతోనే రంధ్రం ఉంది. కాసేపు ఏడిస్తే చాలు, పెదవులు నేరేడు పండు తిన్నట్టు నల్లబడేవి. అక్కడి ఆసుపత్రివాళ్ళు ఎన్నాళ్ళకో ఆపరేషన్‌కు ఒక రోజు ఇచ్చారు. ఆ రోజు తప్పితే మళ్ళీ వరుసలో చివర నిలబడాలి. అంతకాలం వాడు ఆగుతాడని ఏ డాక్టరూ మాకు భరోసా ఇవ్వలేదు. అవి తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. బస్సులు డిపోలు దాటడం లేదు, రైళ్ళను పట్టాల మీదే ఆపేస్తున్నారు. అందుకని జగిత్యాల నుంచి ఒక జీపు మాట్లాడారు.

డ్రైవరు రెండు బాటలు చెప్పాడు. ఒకటి లోపలి బాట: సిద్దిపేట, హైదరాబాద్, కర్నూలు, కడప. రెండోది సముద్రం దిక్కు బాట: బెజవాడ దాకా పోయి, అక్కడి నుంచి ఒంగోలు, నెల్లూరు మీదుగా కిందికి దిగడం. లోపలి బాట దగ్గర. కాని హైదరాబాద్ తొవ్వలో అడుగడుగునా రాస్తారోకోలు, కర్నూలు దాటితే గుట్టలు, బీళ్ళు. సముద్రం దిక్కు బాట చుట్టు. కాని ఒక పట్నం వెనకాల ఇంకో పట్నం వస్తూనే ఉంటుంది, పిల్లవాడికి ఏమైనా అయితే పెద్దాసుపత్రి అందుబాటులో ఉంటుంది. డ్రైవరు ఇది చెబుతున్నంతసేపూ అమ్మ తలుపు వెనక నిలబడి వింది. చివరి మాట దగ్గర ఆమె ముఖం కాస్త తేటపడింది. నాకు ఆ తేట ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అది ఎంతోసేపు నిలవలేదు.

"ఆంధ్రోళ్ళ బాటన పోయి ఆళ్ళ నీళ్ళు తాగుడు నాతోని గాదు" అన్నాడు పెద్దబాపు. "మన బాటన మనం పోదాం. మనోళ్ళు మనల్ని ఆపుతరా ఏంది?"

ఆయన ఊళ్ళో ఉద్యమంలో ముందుండే మనిషి. జీపు వచ్చిన వెంటనే నంబరు ప్లేటు మీది ఏపీ అక్షరాలపై టీజీ అని స్టిక్కరు అంటించింది ఆయనే. అప్పట్లో అందరూ అంటించుకునేవాళ్ళు, దానిలో తప్పేమీ లేదు. తప్పు మిగిలినవాళ్ళ మూసుకున్న నోళ్ళలో ఉంది. నాన్న అన్న మాట జవదాటడు. అమ్మ బావగారి ఎదుటికి రాదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. మా ఇళ్ళలో అది మర్యాద. అమ్మమ్మ పిల్లనిచ్చిన మనిషి, వియ్యంకుల ఇంట్లో కూర్చుని సలహా చెప్పే అధికారం ఆమెకు లేదు. అలా ముగ్గురు పెద్దవాళ్ళు మర్యాద కోసం నోరు మూసుకున్నారు. ఎవరి గుండెకు రంధ్రముందో ఆ పిల్లవాడు అరుగు కింద గడ్డిపోచతో చీమల్ని కదిలిస్తూ ఆడుకుంటున్నాడు. ఈ మాట రాస్తుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఒళ్ళు మండుతోంది.

సిద్దిపేట దాటి కొంతదూరం పోయాక రోడ్డు నిండా పొగ కనబడింది. వంటావార్పు. రోడ్డు మధ్యలో రాళ్ళు పేర్చి పొయ్యిలు పెట్టారు, వాటి మీద పెద్ద పెద్ద బగోనలు. అన్నం ఉడుకుతోంది, పప్పు ఉడుకుతోంది, డప్పులు మోగుతున్నాయి, పాటలు పాడుతున్నారు. ఇటు బండ్లు ఇటే, అటు బండ్లు అటే. వండి, అక్కడే అందరూ తిని, ఆ తర్వాతే లేచేది. ఉద్యమంలో అదొక పద్ధతి. మామూలు రోజైతే నేనూ దిగి గంతులేసేదాన్నే.

పెద్దబాపు దిగాడు. తెలిసినవాళ్ళు కనబడ్డారు, ఆలింగనాలయ్యాయి, ఎవరో ఆయన మెడలో గులాబీ కండువా వేశారు. నాన్న మెల్లగా దగ్గరికి పోయి, "అన్నా, జెర పిలగాని సంగతి జెప్పరాదె" అన్నాడు.

"ఏమని జెప్పాలెరా? మనమే బంద్ జేయమని, మనమే తొవ్వ ఇయ్యమంటే ఇజ్జత్ ఉంటదా? అయిపోతది, ఆగు" అన్నాడు పెద్దబాపు.

ఎండ ఎక్కింది. జీపు రేకు కాలిపోతోంది. పొగకు తమ్ముడు దగ్గడం మొదలుపెట్టాడు, దగ్గి దగ్గి ఏడ్చాడు, ఏడ్చి ఏడ్చి నల్లబడ్డాడు. అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని వీపు రుద్దుతూ, దూరంగా కండువాతో నిలబడ్డ బావగారి వీపు వైపు చూస్తోంది తప్ప ఆయన్ను పిలవడం లేదు. పిలవలేదు. నేను అమ్మ ముఖమూ అమ్మమ్మ చేతులూ మార్చి మార్చి చూశాను. అమ్మమ్మ బండిలో కూడా బీడీలు చుడుతూనే ఉంది. తమ్ముడి గోళ్ళు నీలంగా మారినప్పుడు ఆ చేతులు రెండోసారి ఆగాయి.

చాట తీసి నా ఒళ్ళో పెట్టింది. తమ్ముణ్ణి అమ్మ భుజం మీంచి తీసుకుంది. దిగి, జనంలోంచి నడిచి, అన్నిటికంటే పెద్ద బగోన ఉడుకుతున్న పొయ్యి దగ్గరికి పోయి, రోడ్డు మీద చతికిలబడింది. నేను చాట పట్టుకుని ఆమె వెనకే పోయాను. పెద్ద గరిటెతో అన్నం కలుపుతున్న ఒక ఆమె వంగి చూసింది.

"ఏందవ్వా, గిట్ల గూసున్నవ్? పొగల పిలగాణ్ణి వట్టుకొని?"

"మా కోరుట్లల నేను గూడ గిట్లనే రోడ్డు మీద వండిన బిడ్డా" అంది అమ్మమ్మ. గొంతు పెంచలేదు. "ఇంట్ల ఉన్న బియ్యం వట్టుకపోయి వండిన. మీరు వండుడు తప్పని నేననను. గని ఇంకో రెండు గిద్దెల బియ్యం ఎక్కువ పోయుండ్రి. గీ పిలగాని దినాలకు మళ్ళ వేరే పొయ్యెందుకు పెట్టుడు?"

డప్పు ఎవరు ఆపారో తెలియదు, ఆగింది. గరిటె ఆమె తమ్ముడి చెయ్యి పట్టుకుని గోళ్ళు చూసింది.

"గుండెకు పొక్క ఉన్నది. వేలూరు పోవాలె" అంది అమ్మమ్మ.

"ఎప్పటిసంది ఆగిన్రు?"

"మీరు ఎసరు వెట్టినప్పటిసంది."

"థూ, ఎవ్వలన్న ఒక మాట జెప్పొద్దా మాకు?" అందామె. "పొద్దున కాన్పుకు పోయే ఆమెకు తొవ్వ ఇయ్యలేదా మేము? మేమేమన్న రాచ్చసులమా?"

నేను ఆ రోజు నేర్చుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. మమ్మల్ని ఆపింది ఆ వంటవాళ్ళు కాదు. అడిగితే వాళ్ళు ఎప్పుడో దారి ఇచ్చేవాళ్ళు. అడగవలసిన మనిషికి ఇజ్జత్ అడ్డం వచ్చింది, అడగాలనుకున్న మనుషులకు మర్యాద అడ్డం వచ్చింది. ఈ రెండిటి మధ్య ఒక పసివాడి ఊపిరి.

నాయకుల్ని అడుగుదామని ఒకాయన ఏదో అనబోతే గరిటె ఆమె వినలేదు. ఆడవాళ్ళే కట్టెలు లాగి నీళ్ళు చల్లారు. తడి గోనెలు చుట్టి, ఉడుకుతున్న బగోనను నలుగురు పట్టుకుని పక్కకు దించారు. రాళ్ళు కాళ్ళతో తన్నారు. ఒకామె చెయ్యి కాలితే వేళ్ళు నోట్లో పెట్టుకుని నవ్వింది. జీపు పోయేంత సందు దొరికింది. అందరికంటే ముందు ఎక్కి కూర్చున్నది పెద్దబాపు.

"హైదరాబాద్ దిక్కు ఇంకా ఉన్నయవ్వా. జనగామ దిక్కు పోండ్రి, ఖాళీ ఉన్నది" అని కేకేసింది గరిటె ఆమె.

అమ్మమ్మ డ్రైవరు వైపు వంగింది. "జనగామకెల్లి సూర్యాపేట, ఆడికెల్లి బెజవాడ. సముద్రం దిక్కు వోనియ్యి కొడుకా."

పెద్దబాపు తల తిప్పాడు. "అత్తమ్మా, గా ఆంధ్రోళ్ళ బాట..."

"కర్నూలు, కడప మన తాతలు గట్టిచ్చిన్రా అయ్యా?" అంది అమ్మమ్మ. "అటు వోయినా ఇటు వోయినా పరాయి ఊర్లే. పిలగాడు ఒక్కడే మనోడు. గిప్పటిదాంక మర్యాదకు ఊకున్న. ఇగ ఊకోను."

వెనక సీట్లోంచి అమ్మ, బావగారు వింటుండగా, జీవితంలో మొదటిసారి గొంతు విప్పింది. "పోనియ్యి తమ్మీ" అంది డ్రైవరుతో. అంతే. నాకు మాత్రం అది డప్పుకంటే గట్టిగా వినిపించింది.

ఆంధ్ర పొలిమేరలోని కోదాడ చేరేసరికి పెద్దబాపు బండి ఆపించాడు. దిగి, ముందుకు పోయి, గోటితో టీజీ స్టిక్కరు గీకడం మొదలుపెట్టాడు. ఆయనే అంటించింది, ఆయనే గీకుతున్నాడు. అమ్మమ్మ కిటికీలోంచి, "గోరు ఇరుగుతది అయ్యా, పైలం" అంది. నాన్న దగ్గినట్టు నటిస్తూ నవ్వు దాచుకోవడం నేను చూశాను.

మర్నాడు తెల్లవారుతుండగా ఒంగోలు దాపులో తమ్ముడికి మళ్ళీ ఊపిరి అందలేదు. ఈసారి బండి మధ్యలో ఆగలేదు. డ్రైవరు పట్నంలోకి తిప్పాడు, ఆసుపత్రి దొరికింది. గుమ్మంలో నర్సు, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది. అమ్మ బెదిరి నాన్న వైపు చూసింది. పెద్దబాపు కండువా అప్పటికే సంచిలోకి పోయింది. అమ్మమ్మే చెప్పింది, "తెలంగాణ" అని.

"అయ్యో, అంత దూరం నుంచా? ముందు బాబునిలా ఇవ్వండి" అందామె. ఆక్సిజన్ పెట్టారు. వాడి గోళ్ళు మెల్లగా గులాబీ రంగుకు తిరిగాయి. లోపలి బాటన గుట్టల్లో ఉండి ఉంటే ఆ సమయానికి ఏమయ్యేదో మాలో ఎవరూ పైకి అనలేదు. సముద్రం నాకు ఆ ప్రయాణంలో కనిపించనే లేదు, గాలిలో ఉప్పు మాత్రం తగిలింది.

వేలూరులో చెప్పిన రోజుకే ఆపరేషన్ జరిగింది. తమ్ముడు ఇప్పుడు రాయికల్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు, ఛాతీ మీద మచ్చ చూపించి మా పిల్లల్ని నవ్విస్తాడు. తెలంగాణ కూడా వచ్చింది. అది వచ్చిన రోజు అమ్మమ్మ వాడకట్టులో అందరికంటే ముందు ఆడింది. ఆమెకు దాని మీద ప్రేమ ఏ రోజూ తగ్గలేదు. నాకు మింగుడుపడనిది ఒక్కటే. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో పెద్దబాపు ఈ కథ చెబుతాడు. "ఉద్యమంల నా మొకం జూసి తొవ్వ ఇచ్చిన్రు" అంటాడు. వినేవాళ్ళు తలలూపుతారు. చెయ్యి కాల్చుకున్న ఆమె ఆ కథలో లేదు. చాట పక్కన పెట్టి లేచిన మా అమ్మమ్మ లేదు.

ఇవాళ రాత్రి ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, జగిత్యాలలో మా ఇంటి హాల్లో ఇందాకటిదాకా అదే అరుగు చూశాను. సెలవుల్లో కొత్త కారులో రామేశ్వరం ప్రయాణం. మావారు నెల్లూరు, చెన్నై మీదుగా సముద్రం పక్కన పోదామంటారు, ఫొటోలు బాగుంటాయట. మా మరిది కర్నూలు, బెంగుళూరు మీదుగా అంటాడు, రోడ్డు మీద కారు నూట ఇరవై దాటాలట. ఫోనులో పటాలు పెద్దవి చేశారు, చిన్నవి చేశారు, పందెం కాసుకున్నారు. మా చిన్నది, మూడేళ్ళది, పొగ తగిలినా దుమ్ము తగిలినా పిల్లికూతలతో ఆయాసపడుతుంది. మొన్ననే ఆసుపత్రిలో మందు ఆవిరి పట్టించాం. దాని మాట ఒక్కరూ ఎత్తలేదు. నేను నడుమ నిలబడి చాయ్ అందించాను. అందిస్తుంటే నా చేతులు ఆగాయి. ఆగినా, అత్తగారు ఉన్నారని నేను నోరు తెరవలేదు. చదువుకున్నదాన్ని, నేనూ మర్యాదే పాటించాను. వాళ్ళు నిద్రపోయారు. చిన్నదాని ఎదలో శబ్దం వింటూ నేను ఇది రాస్తున్నాను.

తెల్లవారింది. మిగిలింది ఇప్పుడు రాస్తున్నాను. పొద్దున లేవగానే పిల్లలిద్దరినీ వంటగదిలోకి పిలిచి, పాలగ్లాసులు చేతికిచ్చాను. హాల్లో పేపరు చప్పుడు, చాయ్ కోసం గొంతు సవరింపులు వినబడుతున్నాయి. తలుపు తెరిచే ఉంచి, హాలు దాకా వినబడేట్టు మా పెద్దోడికి చెప్పాను.

"చెల్లెకు ఊపిరాడకపోతే ఏ ఊళ్ళె ఆపుతరో, ఏ దవఖానకు తీస్కపోతరో డాడీని, బాబాయిని అడుగుపో. ఎవ్వలు జెప్పగల్గితే ఆళ్ళ బాటన పోదాం. ఇద్దరూ జెప్పకపోతే రామేశ్వరం ఈడనే మొక్కుదాం. మీకు పాలున్నయి, బ్రెడ్డున్నది. పెద్దోళ్ళు జవాబు జెప్పేదాంక మాత్రం గీ పొయ్యి నేను ముట్టియ్య."