ఎడమ పక్క ఈక్వల్ బటన్

ఈ పొద్దున మా చెల్లెలి మనవరాలు ఫోన్‌కు ఏదో చెప్పి, నా చాయ్ చల్లారేలోపే ఒక కాలిక్యులేటర్ యాప్ తయారు చేయించి నా ముందు పెట్టింది. చూపించి ఊరుకుంటే బాగుండేది. "గీ దానికి నువ్వు ఎండాకాలమంత కూసున్నవంట గదా, అమ్మమ్మా!" అని నవ్వింది. నవ్వనీ. కూర్చున్న మాట నిజమే, అందుకు నాకు రవ్వంత సిగ్గు కూడా లేదు.

నాది ఎడమచేతి వాటం. మన ఈడు వాళ్లకు ఈ ఒక్క మాట చాలు, బువ్వ తినేటప్పుడు చేతిమీద పడిన దెబ్బలూ, పలక లాక్కుని కుడిచేతికి బలపం ఇచ్చిన పంతులమ్మా, ఎడమచేత్తో చిల్లర ఇస్తే ముఖం చిట్లించిన కిరాణా సేటూ అన్నీ మీకే గుర్తొస్తాయి. ఆ చేత్తో కూడా పని చేయమని నాకు చెప్పింది లోకంలో ఒక్క టైపు మిషనే. దాని ముందు కూర్చుంటే ఎడమ చిటికెన వేలికి కూడా సొంత అక్షరాలుండేవి. అందుకే పట్టుబట్టి నేర్చుకున్నాను, తాండూరులో ఎందరికో నేర్పాను కూడా.

తర్వాత టైపు మిషన్లు మూలపడ్డాయి. నేను నేర్పే టైపు ఇన్‌స్టిట్యూట్ యజమాని వికారాబాదులో కంప్యూటర్ సెంటర్ తెరిచి, మొబైల్ యాప్ చేయడం నేర్చుకుని ఒకటి చేసి చూపిస్తే కొత్తవాళ్లకు పాఠం చెప్పే ఉద్యోగం నాకే ఇస్తానన్నాడు. అది తప్ప నాకు వేరే ఆధారం లేదు. రోజూ తాండూరులో ప్యాసింజర్ ఎక్కి వెళ్లి, తలకు రంగు వేసుకునే వయసులో, నా శిష్యుల కంటే చిన్నవాళ్ల పక్కన కూర్చున్నాను.

అక్కడ మొదట ఎవరైనా చేసేది కాలిక్యులేటరే. నేను చేసింది రెండూ మూడూ కూడమంటే ఇరవైమూడు అని చూపించింది. అంకెలను అక్షరాలనుకుని పక్కపక్కన పేర్చిందట పిచ్చిది! దానికి అంకెలని తెలిసేలా చెప్పడం నేర్చుకుని, చివరికి ఐదు కనబడిన సాయంత్రం, రైలుపెట్టెలో పక్కన కూర్చున్న తెలియని ఆవిడకు కూడా చూపించాను.

బటన్లు పేర్చే దగ్గర మాత్రం బోర్డుమీద అందరికోసం గీసిన బొమ్మ చూసి పెట్టలేదు. ఫోన్ ఎడమచేతిలో పట్టుకుని, బొటనవేలు ఎటు సులువుగా పోతే అటు, ఎడమ అంచున కూడికా తీసివేతా, అన్నిటికంటే కింద ఈక్వల్ పెట్టాను. మాకు నేర్పే సారు, మా తమ్ముడి వయసువాడు, నాకోసం భయపడ్డాడు. "మేడమ్, జర అందరి లెక్క పెట్టుండ్రి. మాలిక్ ఒప్పుకోడు" అని బతిమాలాడు.

మాలిక్ అంటే మా యజమానే. ఆయన చూసే రోజు లెక్కలన్నీ సరిగ్గానే వచ్చాయి, కానీ ఆయన కుడి బొటనవేలు ఈక్వల్ కోసం తడుముకుంది. "గిదేంది, ఉల్టా ఉన్నది? సీదా చేసి తే, రేపటి సంది నువ్వే పాఠం చెప్పు" అన్నాడు. ఆ బటన్లు అవతలి పక్కకు జరిపితే అయిపోయేది. మౌస్ మీద చెయ్యి కూడా పెట్టాను. కానీ ఉల్టా అన్న మాట, పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట, ఆ రోజు మింగుడుపడలేదు.

"ఉల్టా కాదు సార్, ఎడమ. నేను మార్చ" అని ఫోన్ తీసుకుని లేచి వచ్చేశాను.

ఉద్యోగం పోయింది. తిరుగు రైల్లో ధారూరు స్టేషన్ దాటేదాకా ఏడ్చాను, ఆ తర్వాత ఆకలేస్తే పల్లీలు కొనుక్కుని తిన్నాను. కొన్నాళ్లకు మా ముందు గదిలో నాపబండల మీద చాప పరిచి, పాత కంప్యూటర్ ఒకటి పెట్టుకుని, నేనే నేర్పడం మొదలుపెట్టాను. వచ్చిన ప్రతి పిల్లకూ మొదటి పాఠం కాలిక్యులేటరే, దానికంటే ముందు నా ప్రశ్న, నీకు ఏ చెయ్యి సులువు అని. పెద్దగా సంపాదించలేదు గానీ ఎవరి ముందూ చెయ్యి దాచుకోకుండా బతికాను.

ఇప్పుడు ఎడమచేత్తో రాసే పిల్లలను ఎవరూ కొట్టడం లేదు, అది చూస్తే కడుపు నిండుతుంది. అయినా పొద్దున మనవరాలిని, ఈక్వల్ కుడి మూలనే ఎందుకుంది అని అడిగితే, "అది గట్లనే ఉంటది గదా" అంది, ఫోన్ తన ఎడమచేతిలోనే పట్టుకుని. తనదీ నా వాటమే, అందుకే నాకు దిగులేసింది.

నా యాప్ ఉన్న పాత ఫోన్ ఎన్నడో పాడైపోయింది. కొత్తది ఏది చేతికొచ్చినా నా బొటనవేలు మాత్రం ఎడమ కింది మూలకే పోతుంది, అక్కడ ఈక్వల్ ఉండదు. ఆ వేలిని దిద్దుకునే ఉద్దేశం నాకు ఇప్పటికీ లేదు.