అణిగిపోయిన ఇప్పపూలు

ఎవరైనా కాగితాన్ని వేలితో తడిమితే నేను ఇప్పటికీ ముఖం తిప్పుకుంటాను. ఏళ్ల తరబడి ఒక మాటను కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. మా ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. మీకు నా పేరు తెలియదు, నాకు మీ ముఖం తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. చెప్పగలనా? మొదలుపెట్టాను కదా, చూద్దాం.

అప్పట్లో మేము బస్తర్‌లో ఇనుప గనుల టౌన్‌షిప్‌లో ఉండేవాళ్లం. ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి ఎర్రబారే చోటు. పక్క క్వార్టర్‌లో నాగమ్మక్క ఉండేది. భేజ్జి దగ్గరి పల్లె ఆమెది. ఆమె భర్తను నేను బావగారూ అని పిలిచేదాన్ని. గనిలో పేలుడు పనికి వెళ్లి ఆయన రెండు కళ్లూ పోగొట్టుకున్నాడు. చూపుతోపాటు ఉద్యోగమూ పోయింది. ఇక క్వార్టర్ ఖాళీ చెయ్యాలి.

బావగారు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో అక్క ఒక నర్సమ్మ దగ్గర ఉబ్బెత్తు పని నేర్చుకుంది. ఆయన పాత ఎక్స్‌రే ఫిల్ములో పువ్వు ఆకారం కత్తిరించి, అద్దం పలక మీద పెట్టి, కింద బల్బు వెలిగించేది. పైన పెళ్లికార్డుకు తెచ్చిన దళసరి కాగితం బోర్లా పరిచి, సిరా అయిపోయిన రీఫిల్ మొనతో అంచుల వెంట రుద్దేది. కాగితం తిప్పితే ఇప్పపువ్వు పైకి లేచి ఉండేది. దాని పక్కన పెళ్లికూతురి పేరు సిరాతో వంపులు తిప్పి రాసేది. నాకూ నేర్పింది. నేను తొందరమనిషిని, ఎన్ని కాగితాలు చింపానో. కోళ్లను తోలినట్టు ఆ తోలుడేందని నవ్వేది.

అన్నీ అయ్యాక చివరగా కార్డు బావగారి చేతికి వెళ్లేది. ఆయన తడిమి ‘ఇప్పపువ్వు’ అంటేనే అక్క దాన్ని పూర్తయిందని పక్కన పెట్టేది. గుర్తుపట్టలేకపోతే మళ్లీ చేసేది. కళ్లు పోయాక ఆయనకు మిగిలిన డ్యూటీ అదొక్కటే. ఆ కాసేపూ ఆయన నిటారుగా కూర్చునేవాడు.

ఆ వానాకాలం ఆడవాళ్ల క్లబ్బులో చేతిపనుల కేంద్రం పెడతామన్నారు. నేర్పడానికి ఒక్కరే కావాలి. పని చూసి ఎంచుతారు. అక్కతోపాటు నేనూ పేరు ఇచ్చాను. జీతంతోపాటు క్వార్టర్ కూడా ఇస్తారు. అక్కకు వస్తే ఆ ఇల్లు నిలబడుతుంది. నాకు వస్తే? నన్ను టీచరమ్మా అని పిలుస్తారు, అంతే. మా ఇంట్లో కూడుకు కొదవ లేదు. మరి ఎందుకంత కడుపుమంట? ఆమె దగ్గరే నేర్చుకుని, ఆమె కంటే ఒక మెట్టు కింద నిలబడడం నాకెందుకు సహించలేదు? ఇప్పటికీ దానికి సిగ్గుపడుతున్నాను.

కార్డులు చూపించాల్సిన రోజుకు ముందురోజు అక్క అట్టలు కొనడానికి గీదం బస్సెక్కింది. ఇల్లు చూస్తుండమని నాకు చెప్పింది. బావగారు వరండాలో వాన చప్పుడు వింటూ కునుకు తీస్తున్నాడు. లోపల బల్ల మీద కార్డులు పరిచి ఉన్నాయి. నేను ఒక బట్ట తడిపాను. సిరా పేర్లు తడవకుండా పువ్వుల మీద మాత్రమే కప్పాను. ఇస్త్రీ పెట్టె వేడిచేసి ఒక్కో పువ్వు మీదా ఆనించాను. ఏదో తెలియని ఆవేశంలో చేశానని చెప్పుకోవాలని ఉంటుంది. కానీ పూర్తిగా చదును చేస్తే అనుమానం వస్తుందని కొంచెం కొంచెం ఉబ్బు మిగిల్చిన మనిషికి ఆవేశం ఎక్కడిది? చెమ్మపట్టిన కాగితం వేలి ఒత్తిడికే అణిగిపోతుందని అక్కే ఎప్పుడూ చెప్పేది. అది నాకు గుర్తుంది.

సాయంత్రం అక్క వచ్చి బల్ల మీది కార్డు ఒకటి చేతిలోకి తీసుకుని, బావగారి వైపు తిరిగింది.

"ఏందిది? మల్ల ముట్టినవా?"

"పొద్దుగాల ముట్టిన. ఒక్కసారే," అన్నాడు బావగారు.

"చెమ్మ కాగితం, మెల్లగ ముట్టమని చెప్పిన గదా!"

ఆయన రెండు చేతులూ ముఖం ముందుకు తెచ్చుకున్నాడు, చూడగలిగినట్టు. "వేళ్లు మొద్దుబారినయేమోనే. నేనే ఒత్తిన."

నేను గడప దగ్గరే ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరిచాను కూడా.

"పోనీలే అక్కా, బావగారు కావాలని చేశారా ఏంటి!"

అదీ నేను అన్న మాట. ఇస్త్రీ చేసిన పాపం కంటే ఈ మాటే నన్ను ఎక్కువగా తింటుంది.

తెల్లారేలోగా అన్ని కార్డులూ మళ్లీ చెయ్యడం అక్కవల్ల కాలేదు. ఉద్యోగం నాకు వచ్చింది. వాళ్లు సామాను కట్టుకున్నారు. నాకింక ఎందుకని ఎక్స్‌రే ముక్కలన్నీ అక్క నా ఒళ్లో పోసింది. బస్సు దగ్గర మా పాప తను చేసిన కార్డు బావగారి చేతిలో పెట్టబోయింది. ఆయన చటుక్కున చేతులు వెనక్కి లాక్కున్నాడు. "వద్దు తల్లీ, పాడైతది," అన్నాడు.

వాళ్లెక్కడున్నారో నేను వెతకలేదు. దొరుకుతారేమోనని భయం. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. కానీ ఎక్కడైనా చూపులేని ముసలాయన, కాగితం అందిస్తే చేతులు దాచుకునే మనిషి మీకు ఎదురైతే ఒక్క మాట చెప్పండి. ఆయన వేళ్లు ఏ తప్పూ చెయ్యలేదు. ఆ పూలను అణచింది నేను. ఇదిగో, చెప్పేశాను. నిజం ఇప్పుడు నా ఒక్కదాని దగ్గరే లేదు.