రెండు గుమ్మాల అవతలి కన్నవారిల్లు

ఈ సాయంత్రం భిలాయి స్మృతి నగర్‌లో మా పక్క వాటాలో ఎవరో కాకరకాయలు వేయిస్తున్నారు. ఆ చేదు వాసన వంటింట్లోకి రాగానే చేతిలో పని ఆపి నిలబడిపోయాను. రేపు తీజా. వినాయక చవితికి ముందు వచ్చే ఈ పండక్కి ఛత్తీస్‌గఢ్ ఆడవాళ్లు పుట్టింటికి వెళ్తారు. అన్నో తమ్ముడో వచ్చి దగ్గరుండి తీసుకెళ్లాలి. ముందురోజు రాత్రి కాకరకాయ కూరతో అన్నం తిని, మర్నాడంతా ఉపవాసం ఉంటారు. ఇదంతా నాకు చెప్పింది మాత్రం విజయనగరం నుంచి వచ్చి భిలాయిలో స్థిరపడ్డ అప్పలనరసమ్మ పిన్ని.

పెళ్లయి సెక్టర్ 2 క్వార్టర్‌కి వచ్చిన కొత్తలో నాకు హిందీ ముక్క రాదు. ఆయన స్టీల్ ప్లాంటుకి వెళ్లగానే తలుపేసుకుని కూర్చునేదాన్ని. మాది ఒంగోలు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను ఇష్టపడి చేసుకున్న పెళ్లి నాన్నకి గిట్టలేదు; గడప తొక్కొద్దన్నాడు. అన్నయ్య తల దించుకుని ఊరుకున్నాడు. అలాంటి రోజుల్లో ఒకనాడు రెండు గుమ్మాల అవతలి ఇంటావిడ తలుపు బాదింది. తర్వాత నేను పిన్నీ అని పిలుచుకున్నది ఆవిడనే.

"ఏటే పిల్లా, పట్టపగలు తలుపేసుకుని ఏటి సేస్తన్నావు?"

ముక్కూ మొహం తెలియని మనిషి 'ఏటే' అనడమేమిటని నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా లోపలికొచ్చి కూర్చుని, ఆ పూటే నన్ను కూరల బజారుకి లాక్కుపోయింది. పిన్ని హిందీ కూడా విజయనగరం హిందీయే. "భయ్యా, ఏ టమాటా అచ్ఛా నై, తీసీ" అంటే కొట్టువాడు నవ్వుతూ తీసేసేవాడు. ఆ ధైర్యం చూసి నేనూ నోరు విప్పాను. 'ఏటే' అన్నది దగ్గరివాళ్లతో అనే మాటని తెలిశాక, ఆవిడ ఎప్పుడైనా 'ఏమ్మా' అంటే నాకే బెంగగా ఉండేది.

ఆ ఏడు తీజా వచ్చింది. వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే అన్నదమ్ముల వెంట బయల్దేరుతుంటే గేటు పట్టుకుని చూస్తున్నాను.

"నిన్ను తీసుకెళ్లడానికి ఎవలొస్తన్నారే?" అంది పిన్ని.

"మనకి ఈ పండగ లేదుగా పిన్నీ."

"పండగ సంగతి కాదు నేనడిగింది. కన్నోరెవలూ రారా?"

అంతే, దాచుకున్నదంతా ఏడుస్తూ చెప్పేశాను. ఆవిడ అంతా విని, "సర్లే, కాకరకాయలు తెచ్చుకోవాల" అని వెళ్లిపోయింది. ఒక్క ఓదార్పు మాటైనా అనలేదే అని మనసు చివుక్కుమంది.

సాయంత్రం పిన్ని కొడుకు సూరి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్కూటరుతో మా గుమ్మంలోకి వచ్చాడు. పుట్టి పెరిగింది ఇక్కడే, సగం మాటలు హిందీయే.

"బావా, చెల్లిని తీజాకి లేనే ఆయా, తీసుకెళ్దామని. చవితి ఎల్లేక పంపిస్తాం. చెల్లీ, సామాన్ సర్దుకో."

మా ఆయన నవ్వాడు. "రెండు గుమ్మాలకి స్కూటరెందుకోయ్?"

"నడిచెళ్తే ఎవలికి తెలుస్తాది బావా? సబ్ లోగ్ చూడాల కదా."

చూశారు. సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే సెక్టరంతా చుట్టి తిప్పి, హారన్ కొట్టుకుంటూ తీసుకెళ్లాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గుమ్మంలో పిన్ని కాళ్లకి నీళ్లిచ్చి, కొత్త చీర చేతిలో పెట్టింది. బెల్లం వేసిన కాకరకాయ కూర కొసరి కొసరి వడ్డించింది. రేపు ఉపవాసం ఉండాలా అని అడిగాను.

"కన్నోరింటికొచ్చి కడుపు మాడ్సుకుంటావేటి? పొద్దున్నే అట్లేస్తాను, తిను."

తరువాత వాళ్లు భిలాయి-3 అనే పేటకి, మేము ఇటు స్మృతి నగర్‌కి మారిపోయినా ఏ తీజాకీ సూరి రావడం మానలేదు. ఒంగోలులో నాన్న పోయిన సంగతి మాత్రం కర్మకాండలన్నీ అయిపోయాక ఎవరి నోటో విన్నాను. కబురు చేయాలని అక్కడ ఎవరికీ తోచలేదు.

పోయిన వేసవిలో పిన్ని కన్నుమూసింది. నేనప్పుడు విశాఖలో మా ఆడపడుచు ఇంట్లో ఉన్నాను. సూరి ఫోన్ చేశాడు.

"పెద్దోళ్లు జల్దీ కరో అంటన్నారు చెల్లీ. ఇంటాడపిల్ల రాకుండా అమ్మని ఎత్తేది నేదని సెప్పీసేను. ఎంతసేపైనా పర్లేదు. నువ్వొచ్చేక తీసుకెళ్తాం."

రైల్లో దారి పొడుగునా ఏడ్చాను. అంత దుఃఖంలోనూ నాకోసం ఆగేవాళ్లున్నారన్న ధీమా ఉంది, అది ఈనాటికీ నాతోనే ఉంది. నేను చేరేసరికి వీధి నిండా జనం, ఎవరూ కదల్లేదు. నన్ను చూసి దారిచ్చారు. అప్పుడు ఎత్తారు.